అమ్మే దూడకి పేరు పెట్టకు

మన కాలేజీ టూ వీలర్ స్టాండు దగ్గర ఎప్పుడైనా తీరిగ్గా నిలబడి చూశారా? ఫస్ట్ అవర్ ఎలాగూ పోయింది, సెకండ్ అవర్‌కి ఇంకా ఇరవై నిమిషాలుంది అనుకున్న రోజు ఓసారి చూడండి. అరవై డెబ్బై బళ్ళుంటే అందులో పాతిక దాకా పేరున్నవే. ఒక ట్యాంకు మీద 'రుద్ర'. ఒక మడ్‌గార్డు మీద 'నాన్న ప్రేమతో'. ఇంకోదాని మీద 'అమ్మ దీవెన'. కల్కి సినిమాలో ప్రభాస్ బండి వచ్చాక మన దగ్గర 'బుజ్జి'లు మూడు తయారయ్యాయి. మూడింటికీ ఇంటిపేర్లు లేవు కాబట్టి బ్రాంచి పేర్లే ఇంటిపేర్లయ్యాయి: సివిల్ బుజ్జి, ఈసీఈ బుజ్జి, ఏఐ బుజ్జి. నంబర్ ప్లేటు మీద నంబరు తప్ప ఇంకేమీ రాయకూడదని రూలు. అందుకే పేర్లన్నీ ట్యాంకుల మీదకీ వైజర్ల మీదకీ ఎక్కాయి.

'బండికి పేరేంట్రా, పిచ్చి కాకపోతే' అనేవాళ్ళు మన క్లబ్బులో కూడా ఉన్నారు. వాళ్ళతో నాకు పేచీ లేదు. నా బండికి కూడా పదిహేనేళ్ళ పాటు పేరు లేదు. తర్వాత పెట్టాం. పెట్టడానికి నలభై రోజులు పట్టింది. ఇంట్లో ఒక చిన్న యుద్ధం కూడా జరిగింది. ఈ వ్యాసం ఆ నలభై రోజుల గురించి.

ముందు ఒక సందేహం తీర్చుకుందాం. 'స్ప్లెండర్ అని రాసే ఉందిగా, ఇంకో పేరెందుకు?' అని అడుగుతారు. స్కూల్లో తెలుగు మాస్టారు చెప్పింది గుర్తు తెచ్చుకోండి. జాతి నామం వేరు, సంజ్ఞా నామం వేరు. మా ఇంట్లో రెండు గేదెలున్నాయి, రెండూ ముర్రా జాతి. అంతమాత్రాన ఎవరూ పొద్దున్నే చావిట్లోకి వెళ్ళి 'ముర్రా, కాస్త అటు జరుగు' అనరు. ఒకదాని పేరు గౌరి, ఇంకోదాని పేరు చుక్క. స్ప్లెండర్, పల్సర్, బుల్లెట్ ఇవన్నీ ముర్రా లాంటివే. కంపెనీ పెట్టింది జాతి పేరు. ఇంటికొచ్చాక పెట్టేది సొంత పేరు.

మరి నంబరో? పాత బళ్ళకి నంబరే సగం పేరు. ఏపీ 16 అంటే కృష్ణా జిల్లా, ఏపీ 7 అంటే గుంటూరు, ఏపీ 37 అంటే పశ్చిమ గోదావరి. ఎక్కడో వైజాగ్ బీచ్ రోడ్డులో ఏపీ 16 కనిపిస్తే మనూరోడే అని పక్కకెళ్ళి పలకరించేవాళ్ళు. 2019 నుంచి రాష్ట్రమంతటికీ ఏపీ 39 అని ఒకే సిరీస్ తెచ్చారు. దాంతో నంబరుకి ఊరు పోయింది. ఇక ఛాసిస్ నంబర్ సంగతి మెకానికల్ వాళ్ళకి తెలిసిందే. పదిహేడు అక్షరాలు, అంకెలు. ప్రపంచంలో ఇంకే బండికీ అదే నంబరు ఉండదు. ఒకటీ సున్నాలతో కలిసిపోతాయని ఐ, ఓ, క్యూ అనే మూడు అక్షరాలు అందులో వాడరు. అంత జాగ్రత్తగా తయారు చేసిన గుర్తింపు అది. కానీ ఆ పదిహేడూ పెట్టి ఎవరు పిలుస్తారు?

పిలవడానికే పేరు. మన వాళ్ళు ఎప్పట్నుంచో అలాగే పెట్టారు. భగవద్గీత మొదటి అధ్యాయం చూడండి, యుద్ధం మొదలవకముందే శంఖాల పేర్లు వస్తాయి. కృష్ణుడిది పాంచజన్యం, అర్జునుడిది దేవదత్తం, భీముడిది పౌండ్రం, ధర్మరాజుది అనంతవిజయం, నకులసహదేవులవి సుఘోష మణిపుష్పకాలు. కృష్ణుడి రథానికి కట్టిన నాలుగు గుర్రాలకీ పేర్లున్నాయి: శైబ్యం, సుగ్రీవం, మేఘపుష్పం, వలాహకం. రాణా ప్రతాప్ గుర్రం చేతక్ పేరు బజాజ్ వాళ్ళ స్కూటర్‌కి వచ్చింది. మా తాతల తరంలో ఆ స్కూటర్ ఇంటిముందు ఉంటే ఒక గౌరవం. రైళ్ళు చూడండి, బెజవాడ నుంచి వైజాగ్‌కి రత్నాచల్, సికింద్రాబాద్‌కి శాతవాహన. ఆర్టీసీ బస్సులు చూడండి, గరుడ, ఇంద్ర, వెన్నెల, పల్లెవెలుగు. ప్రభుత్వం వారికే బస్సుకి వెన్నెల అని పెట్టాలనిపించింది. మనకనిపిస్తే తప్పేంటి?

ఇక మా బండి. హీరో హోండా స్ప్లెండర్ ప్లస్, 97.2 సీసీ, నలుపు మీద నీలం గీతలు. 2009 అక్టోబరులో కృష్ణకి పెద్ద వరద వచ్చింది. అది తగ్గాక నవంబరులో నాన్న కొన్నాడు. మా ఊరు గన్నవరం నుంచి ఉంగుటూరు వైపు. నాన్న పాలు పోసేవాడు. సీటుకి రెండు పక్కలా ఇనప స్టాండు వెల్డింగ్ చేయించి, అటొక క్యాను ఇటొక క్యాను తగిలించి, పొద్దున నాలుగున్నరకి బయల్దేరితే గన్నవరంలో ఇళ్ళకీ టీ కొట్లకీ పోసి ఎనిమిదికల్లా ఇంట్లో ఉండేవాడు. వాన, మంచు, పండగ, ఏదైనా సరే. పదమూడేళ్ళు ఆ బండి మీద పాలు వెళ్ళాయి, నా స్కూలు ఫీజు వచ్చింది. ఇప్పటికీ సైడ్ ప్యానెళ్ళ మీద క్యాన్లు రాసుకున్న గీతలున్నాయి. నీలం గీతల మీద తెల్ల గీతలు.

ఇన్నేళ్ళలో దానికి పేరు లేదు. 'పాలబండి' అనేవాళ్ళం. 2022లో నాన్నకి మోకాళ్ళ నొప్పులు ఎక్కువై పాలు పోయడం మానేశాక అది కూడా పోయి ఉత్త 'బండి' అయింది. ఆ ఏడాదే నేను డ్రైవింగ్ లైసెన్స్ తీసుకున్నాను. తర్వాత ఇంజనీరింగ్‌లో చేరాక ఇంటి నుంచి కాలేజీకి, కాలేజీ నుంచి ఇంటికి ఆ బండి మీదే.

పేరు సంగతి వచ్చినప్పుడల్లా మా నాయనమ్మది ఒకటే మాట. 'అమ్మే దూడకి పేరు పెట్టకు.' గేదె ఈనితే పెయ్యదూడకి మూడో రోజుకల్లా పేరు పెట్టేస్తుంది. దున్నదూడ అయితే పెట్టదు. నాలుగైదు నెలలు పోయాక దాన్ని ఎలాగూ అమ్మేస్తాం. పేరు పెట్టామంటే, వ్యాన్ ఎక్కించేటప్పుడు ఆ పేరుతో పిలవాల్సి వస్తుంది. అది మనల్ని నమ్మి వస్తుంది. 'అంత పాపం నా వల్ల కాదురా' అంటుంది. చిన్నప్పుడు ఇది విని నవ్వుకునేవాణ్ణి.

2024లో ఆ మాట నా మెడకి చుట్టుకుంది. సొంత వాహనానికి రిజిస్ట్రేషన్ పదిహేనేళ్ళే. అంటే మా బండికి ఆ నవంబరుతో గడువు తీరిపోతుంది. ఆ తర్వాత నడపాలంటే బండిని తీసుకెళ్ళి చూపించి, గ్రీన్ ట్యాక్స్ కట్టి, ఐదేళ్ళకి రెన్యూవల్ చేయించుకోవాలి. నాన్న లెక్క సూటిగా ఉంది. 'దీనికింత ఖర్చెందుకు, అమ్మేద్దాం. నీకు ఇంకో సెకండ్ హ్యాండ్ చూస్తా.' నేను సరే అనలేదు, వద్దు అనలేదు. ఈలోగా ఆగస్టు చివర్లో సింగ్ నగర్‌లో ఉండే మా బాబాయ్ బండి రిపేరులో ఉందంటే, వారం రోజులు వాడుకోమని ఇచ్చాం.

సెప్టెంబరు 1న బుడమేరు వచ్చింది.

ఇక్కడ పేర్ల గురించి ఒక విషయం చెప్పాలి. మన వైపు సముద్రాల్లో తుఫాన్లకి 2004 నుంచి పేర్లు పెడుతున్నారు, జాబితా ముందే సిద్ధంగా ఉంటుంది. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన దానికి మిచాంగ్ అని పేరుంది. కానీ తుఫాను స్థాయికి రాని వాయుగుండానికి పేరు పెట్టరు. 2024లో బెజవాడని ముంచింది అలాంటి పేరు లేని వాయుగుండమే. సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు అన్నారు. ఇటు బుడమేరుకి గండ్లు పడి సింగ్ నగర్ చెరువైంది. పేరున్నదానికి జనం జాగ్రత్తపడతారు. పేరు లేనిది నిద్రలో వస్తుంది.

పిన్ని వాళ్ళు డాబా మీద నాలుగు రోజులున్నారు. ఫోన్ కలిసినప్పుడు పిన్ని మొదటి మాట 'బండి మునిగిపోయిందిరా' అని. 'బండి సంగతెందుకు పిన్నీ, మీరు తిన్నారా' అని అమ్మ నా చేతిలో ఫోన్ లాక్కుని ఏడ్చింది. నీళ్ళు తీశాక, ఎనిమిదో రోజు నేనూ మా ఫ్రెండూ వెళ్ళాం. ఆ రోజు సింగ్ నగర్ వీధులు చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. ప్రతి ఇంటి ముందూ పరుపులు, టీవీలు, పిల్లల పుస్తకాలు, వాటి మధ్య బురద పూసుకున్న బళ్ళు వరసగా. అన్నీ ఒకే రంగు. ఏది పల్సరో ఏది స్కూటీయో దగ్గరికెళ్తే గానీ తెలీదు. మా దాన్ని ఇనప స్టాండు చూసి గుర్తుపట్టాను.

వరదలో మునిగిన బండిని వెంటనే కిక్ కొట్టకూడదు, ఇది అందరూ గుర్తుపెట్టుకోండి. సిలిండర్‌లో నీళ్ళుంటే పిస్టన్ పైకొచ్చినా అవి గాలిలా నొక్కుకుపోవు. కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. అందుకని తోసుకుంటూ మెయిన్ రోడ్డుకి తెచ్చి, ట్రక్ ఆటోలో వేసుకుని రామవరప్పాడు, ఎనికేపాడు, నిడమానూరు, గూడవల్లి దాటి గన్నవరం తెచ్చాం. మెకానిక్ అన్న ముందు ప్లగ్ తీసి కిక్ నెమ్మదిగా తొక్కాడు. ప్లగ్ రంధ్రంలోంచి బురదనీళ్ళు చిమ్మాయి. తర్వాత కింద బోల్టు విప్పి ఆయిల్ వదిలాడు. నల్లగా రావాల్సిన ఆయిల్ తెల్లగా, చిక్కగా, జున్నుపాలలా వచ్చింది. ఆయిల్లో నీళ్ళు కలిస్తే అలాగే అవుతుందని నాకు తెలుసు, క్లాసులో చదివాను. అయినా నా కళ్ళకి అవి పాలే. పదమూడేళ్ళు మోసిన పాలన్నీ లోపల దాచుకుందా అనిపించింది.

రెండుసార్లు ఆయిల్ పోసి కడిగి, కార్బురేటర్ విప్పి, ట్యాంకు దులిపి, వైరింగ్ ఎండబెట్టి, వీల్ బేరింగులు మార్చి మొత్తం నాలుగు వేల రెండొందలయ్యాయి. పదకొండో కిక్కుకి అందుకుంది. అదే వారంలో పాత బళ్ళు కొనేవాడు ఇంటికొచ్చి వరద బండి కాబట్టి ఆరు వేలిస్తానన్నాడు. నాన్న ఆర్సీ తెమ్మన్నాడు.

నేను నాయనమ్మ దగ్గరికి వెళ్ళి అడిగాను. 'పేరు పెడితే అమ్మకూడదు కదా?'

ఆవిడ చిక్కుడుకాయలు ఈనె తీస్తూ నా వైపు చూసింది. 'దూడల్ని అన్నాను గానీ ఇనప ముక్కల్ని అన్నానా?' అంది. కాసేపాగి, 'ముందు పేరు చూసుకో. పేరు లేకుండా పేచీ ఏంటి' అంది.

ఆ రాత్రి మా గ్రూప్‌లో పెట్టాను. 'మామా, బండికి పేరు కావాలి, అర్జెంటు.' అరగంటలో నలభై పేర్లు. భైరవ, వజ్ర, శివగామి, టైటానిక్, జలపుత్ర, మునిగిన శాస్త్రి. రుద్ర అయితే ఆరుగురు చెప్పారు. మన రుద్ర గాడు ఒప్పుకోడని వదిలేశాం. అదీగాక మగ పేరు పెడితే తెలుగులో ఒక చిక్కుంది. ఇంగ్లీషు వాళ్ళు ఓడని 'షీ' అంటారు, అది వాళ్ళ ముద్దు. మనకి ఏకవచనంలో పిన్నికీ, గేదెకీ, బండికీ క్రియ ఒకటే: వచ్చింది, వెళ్ళింది, పడుకుంది. మగవాళ్ళకి మాత్రమే వచ్చాడు, వెళ్ళాడు. చిన్నయ సూరి బాలవ్యాకరణంలో మహత్తు, అమహత్తు అని విడదీసింది దీన్నే. కాబట్టి మగ పేరు పెడితే 'భైరవ పంక్చరయ్యాడు', 'వజ్ర ఆయిల్ తాగుతున్నాడు' అనాలి. మెకానిక్ దగ్గర అలా చెప్పే ధైర్యం నాకు లేదు. అమహత్తు పేరైతే వాక్యం కదిలించక్కర్లేదు. బండి బండిలాగే ఉంటుంది, ఇంట్లో మనిషిలానూ ఉంటుంది.

రెండో పరీక్ష సంబోధన. పేరు కాగితం మీద బాగుంటే చాలదు, చలికాలం పొద్దున్నే కిక్ కొడుతూ బతిమాలడానికి వీలుగా ఉండాలి. 'ఓ మేఘపుష్పమా' అని ఎన్నిసార్లు పిలుస్తాం? మూడోసారికి బస్సు పట్టుకుంటాం.

మూడో పరీక్ష నాన్న. ఆయన నోట పలికేలా ఉండాలి. ఆయన పలక్కపోతే ఆ పేరు నాది ఒక్కడిదే, బండి ఆయనది.

పేరు చివరికి నాయనమ్మ దగ్గరే దొరికింది. ఆవిడ పుట్టిల్లు మధిర వైపు. తెలంగాణలో దసరా నాడు పాలపిట్టని చూడటం ఎంత ముఖ్యమో మీకు తెలుసు. మా వైపు అంత పట్టింపు లేదు గానీ నాయనమ్మకి ఉంది. ప్రతి దసరాకీ పొలం గట్ల మీద కరెంటు తీగలు చూస్తూ నడుస్తుంది. ఆ రోజు నేను బండి తుడుస్తుంటే, సైడ్ ప్యానెల్ మీద బురద పోయి నీలం బయటపడింది. అరుగు మీంచి చూసి, 'పాలు మోసింది, నీలంగా ఉంది. పాలపిట్ట అనరాదూ' అంది. అంతే. నలభై పేర్లూ ఆ క్షణంలో పోయాయి.

పాలపిట్ట సంగతి కొంచెం చెప్తాను. తీగ మీద కూర్చుని ఉన్నప్పుడు అది మట్టిరంగు పిట్టలా ఉంటుంది, ఎవరూ రెండోసారి చూడరు. రెక్కలు విప్పితేనే ఆ నీలం కనిపిస్తుంది. స్టాండులో పెట్టినప్పుడు మా బండీ అంతే, లక్ష రూపాయల బళ్ళ మధ్య ఎవరికీ ఆనదు. ఉమ్మడి రాష్ట్రానికి పాలపిట్టే రాష్ట్ర పక్షి. విడిపోయాక తెలంగాణ దాన్నే ఉంచుకుంది. మనం 2018లో రామచిలుకని పెట్టుకున్నాం. అలా మన వైపు ఉద్యోగం పోగొట్టుకున్న పక్షి అది. మునిగి, గడువు తీరి, ఆరు వేలకి బేరమాడబడ్డ బండికి ఇంతకన్నా నప్పే పేరు ఏముంది? క్లాసులో నవ్వారు. 'పిట్టకథ చెప్పకు', 'పిట్టగోడ ఎక్కించు' అని అన్నీ అయ్యాయి. వరద తర్వాత సైలెన్సర్ చప్పుడు కొంచెం పెరిగింది కాబట్టి, 'పిట్ట కొంచెం కూత ఘనం' అని మా హెచ్ఓడీ సార్ కూడా ఒక మాట వేశారు. సామెతతో సహా దొరికిన పేరు కాబట్టి నాకు ఆనందమే.

అక్టోబరు 12న విజయదశమి. నాయనమ్మ బండికి పసుపు రాసి, కుంకుమ పెట్టి, హ్యాండిల్‌కి మామిడాకులు కట్టి, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టింది. నాన్న గుమ్మడికాయ పట్టుకుని నిలబడ్డాడు. కొట్టే ముందు నాయనమ్మ అడిగింది. 'పేరు పెట్టాం. అమ్ముతావా?' నాన్న ఏం మాట్లాడలేదు. గుమ్మడికాయ దిష్టి తీసి నేలకేసి కొట్టాడు. తర్వాత చేతులు కడుక్కుంటూ 'రెన్యూవల్‌కి ఏమేం కాగితాలు కావాలో కనుక్కో' అన్నాడు. అంతకుమించి మా ఇంట్లో ఎవరూ ఒప్పుకోరు.

నవంబరులో రవాణా శాఖ ఆఫీసుకి తీసుకెళ్ళాం. ఛాసిస్ నంబర్ మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది అచ్చు తీశారు. లైట్లు, హారన్, బ్రేకులు చూశారు. కొత్త ఆర్సీలో అన్నీ ఉన్నాయి: ఏపీ 16 నంబరు, ఇంజన్ నంబరు, రంగు, నాన్న పేరు, 2029 దాకా గడువు. పాలపిట్ట అని ఎక్కడా లేదు. ఉండదు కూడా. నేను ట్యాంకు మీద స్టిక్కర్ కూడా వేయించలేదు. ఆ పేరు తెలియాల్సిన వాళ్ళు నలుగురు, నలుగురికీ తెలుసు.

పేరు పెట్టాక నాకు ఖర్చు పెరిగింది, అదీ చెప్పాలి. ఇదివరకు ఆయిల్ ఎప్పుడో గుర్తొచ్చినప్పుడు మార్చేవాళ్ళం. ఇప్పుడు కిలోమీటర్లు క్యాలెండర్ మీద రాస్తున్నాం. చైన్ చప్పుడు చేస్తే నాన్న అరుగు మీంచే 'పిట్ట ఏదో అంటోంది చూడు' అంటాడు. తెలుగులో ఏ లోటూ లేనిదాన్ని 'పేరు పెట్టడానికి లేదు' అంటాం. మా బండికి పేరు పెట్టడానికి చాలా ఉంది. ఇండికేటర్ ఒకటి పనిచేయదు, వానలో ప్లగ్ మొండికేస్తుంది. లోటున్నదాన్నే చూసుకోవాలి, చూసుకోవాలంటే దాన్ని ఏదో ఒకటి పిలవాలి. నాయనమ్మ దూడల సూత్రం ఇదే, నాకు ఇరవై ఏళ్ళు పట్టింది అందడానికి.

సంక్రాంతికి వారం ముందు చుక్క ఈనింది. దున్నదూడ. నుదుటి మీద రూపాయి బిళ్ళంత తెల్లమచ్చ, నేను చావిట్లోకి వెళ్తే చాలు వేళ్ళు చీకడానికి వస్తుంది. నాయనమ్మ దాన్ని 'ఇదుగో' అనే పిలుస్తోంది. నేను మాత్రం ఆ మచ్చకి ఏ పేరు నప్పుతుందా అని ఆలోచించకుండా ఉండటానికి, రోజూ పది నిమిషాలు ముందే పిట్టనేసుకుని కాలేజీకి బయల్దేరుతున్నాను.

— మెకానికల్, మూడో సంవత్సరం